మట్టి మిద్దెలును దూరదేశములందలి యజమానులును

కడప, కర్నూలు సీమల పల్లెలలో నేడు ఏ వీధికి పోయినను తాళము వేసిన మిద్దె యొకటైనను కనబడకపోదు. తలుపునకు వేసిన తాళము త్రుప్పుపట్టి యుండును. అరుగుమీద పక్కింటివారి వేరుసెనగకాయలు ఆఱుచుండును. మిద్దెమీద గడ్డి మోకాలెత్తు మొలిచియుండును. ఎవరి యిల్లని యడిగినచో ‘వాళ్లు కువైటులో ఉండారు’ అనియో, ‘కొడుకు అమెరికాలో ఉండాడు, ముసలోళ్లు పోయినారు’ అనియో సమాధానము వచ్చును. ఆ యజమానులకు ఇంటిమీద మమకారము లేదనుట తగదు. పండుగకు వచ్చినప్పుడు మొట్టమొదట చేయి వేసి తడవునది ఆ గడపనే. కొందఱికి ధనమునకును లోటు లేదు. అయినను ఇల్లు కూలుచున్నది. ఇందులకు కారణము యజమాని స్వభావమునందుకంటె మిద్దె స్వభావమునందే యెక్కువగా కలదు. కావున ముందు మిద్దె యెట్టిదో తెలిసికొనవలెను.

ఈ సీమలో ఇల్లు కాళ్లక్రింది నేలనుండియే పుట్టినది. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతములు పూర్వము కర్నూలు జిల్లాలోనివి. 2022లో నంద్యాల జిల్లాలో చేరినవి. అచ్చటను, కడప జిల్లాలోని యెఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతములందును నాపరాయి విస్తారముగా దొరకును. విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు 1872లో ఈ శిలలను గూర్చి ప్రకటించిన గ్రంథమున వానిని కడప, కర్నూలు పేర్లతోడనే వర్గీకరించెను. నేటికిని శాస్త్రజ్ఞుల పుస్తకములలో ఆ పేర్లే నిలిచియున్నవి. ఈ రాయి పొరలు పొరలుగా నుండును. గడ్డపాఱతో పొర సందున నెత్తిపట్టినచో పలకగా లేచి వచ్చును. ఇంటి గోడకు రాయి, నేలకు పఱచు బండ, గూటికి పలక, జాలాడిలో బట్టలుదుకు బండ, పశువుల తొట్టి, సమాధిమీది ఫలకము — అన్నియు ఒక్క గనినుండియే వచ్చెడివి. మద్రాసు మొదలు దూరపు పట్టణములలో ‘కడప బండ’ యని బేరమాడువారికి కడప ఎచ్చటనున్నదో తెలియకపోయినను ఆశ్చర్యము లేదు.

గోడలు రెండడుగుల మందమున, మట్టి అడుసుతో రాయి పేర్చి కట్టినవి. కలిగినవారు గానుగసున్నమునకు బెల్లపు నీరు, కరక్కాయ కషాయము చేర్చి పూత వేయించెడివారు. గానుగ యనగా గుండ్రని కాలువలో రాతిచక్రమును ఎద్దులచే త్రిప్పించి సున్నమును ఇసుకతో నూఱునది. ఊరికి వెలుపల అట్టి కాలువ గుఱుతులు కొన్నిచోట్ల ఇంకను కలవు. లోపల పడసాల, నడిమిల్లు, వంటిల్లు; మిద్దెకు వెలుతురుకొఱకు విడిచిన గవాక్షి; వాన వచ్చినప్పుడు దానిపై మూయుటకొక బండ. స్తంభములు, దూలములు వేప, తుమ్మ కఱ్ఱలతోను, నల్లమల అడవుల కొయ్యతోను చేసినవి. కడప జిల్లా తూర్పు భాగమున, శేషాచలము, పాలకొండల ప్రక్కనున్న పల్లెలలో ఎఱ్ఱచందనపు స్తంభములు గల పాత యిండ్లును కలవు. అప్పుడది సమీపపు అడవిలోని గట్టి కఱ్ఱ మాత్రమే. ఎవ్వరును దానిని నిధిగా చూడలేదు.

ఇక మిద్దె కప్పు. ఈ కథకంతకు మూలమిదియే. దూలములమీద దంతెలు, దంతెలమీద నాపపలకలో, దగ్గఱదగ్గఱగా పేర్చిన పుల్లలో వేసి, వానిపై ఆకు పఱచి, ఆపై జానెడు మందమున మట్టి వేసి త్రొక్కుదురు. అన్నిటికిని మీద చవుడు చల్లుదురు. చవుడు పంటకు పనికిరాని మన్ను. అందులో సోడియపు లవణములు ఎక్కువగా నుండుటచే, తడిసినప్పుడు మట్టిలోని సన్నని రేణువులు విడివడి సందులలో నిండి, నీటిని క్రిందికి దిగనీయవు. పొలమున రైతునకు శత్రువైన గుణమే ఇంటిమీద మిత్రమైనది. సంవత్సరమునకు ఇరువది ముప్పది అంగుళములకు మించి వానపడని దేశమునకు ఈ కప్పు సరిపోయినది. వేసవిలో బయట నిప్పులు చెఱుగుచున్నను లోపల చల్లగా నుండును. రాత్రి మీద పడుకొనవచ్చును. పగలు మిరపకాయలు, వడియములు ఎండబెట్టవచ్చును.

కాని యీ మిద్దె కట్టినంతనే పూర్తియగునది కాదు. ప్రతి సంవత్సరమును దానిని మఱల కొంత కట్టవలసినదే. వైశాఖమాసమున నిచ్చెన వేసికొని పైకెక్కి, గడ్డి వేళ్లతో పెఱికి, ఎలుకలు త్రవ్విన బొరియలు పూడ్చి, పల్లము పడినచోట మట్టి నింపి, నీరు దోనెల వైపునకు పోవునట్లు వాలు సరిచేసి, క్రొత్త చవుడు చల్లి త్రొక్కవలెను. తొలి వానకు మఱల ఎక్కి, ఎచ్చట నీరు నిలిచినదో చూడవలెను. దోనెలో ఆకు పడి మూసికొన్నచో ఒక్క రాత్రి వాన చాలును. నీరు గోడలోనికి దిగి మట్టి అడుసును కరగించును. లోపలి పని వేఱు. వంటింటి పొగ దూలములకు పట్టియున్నంతకాలము పురుగు అంత త్వరగా దఱిచేరదు. నేల అలుకుట, గోడమూల చెదలపుట్ట కనిపించినప్పుడే రాల్చుట, గోడ సందున మొలిచిన రావిమొక్కను పసరు ఆఱకముందే పెఱికివేయుట — ఇవన్నియు ఇంటిలో కాపురమున్నవారు పనియని తలంపకయే చేయు పనులు. కాపురము లేచిపోయిన నాడే యివి యన్నియు ఒక్కసారిగా నిలిచిపోవును. మూడు వానకాలములు గడచునప్పటికి దూలపు కొన గోడలోపలనే పుచ్చిపోవును. బయటినుండి చూచువారికి ఏమియు తెలియదు. నాలుగవ యేట కప్పు క్రుంగును.

ఇండ్లు విడిచిపోవుట యీ సీమకు క్రొత్త కాదు. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాత కఱవులో కర్నూలు జిల్లా పొందిన నష్టము జనాభా లెక్కలలో కనిపించును. 1871లో తొమ్మిది లక్షలకు పైగా నున్న జనసంఖ్య 1881 నాటికి సుమారు నాలుగవ వంతు తగ్గెను. ఆ దినములలో గుడిసెల కప్పుగడ్డిని లాగి పశువులకు వేసిరి. మట్టి మిద్దెను మాత్రము పశువులు మేయజాలవు గదా! అందుచేత మిద్దెలు కొన్ని యజమానులు తిరిగివచ్చువఱకు నిలిచినవి, కొన్ని దిబ్బలైనవి. నేటికిని ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపులనుండి కుటుంబములు పనులకై గుంటూరు మిరపతోటలకును, బెంగళూరునకును పోవుచున్నవి. ఇంటికడ ముసలివారు, పిల్లలు మిగులుదురు. ఆ వలసలో ఇల్లు మూతపడినను కొన్ని నెలలే. వానకాలమునకు మనుష్యులు తిరిగివత్తురు గనుక మిద్దె బ్రదుకును. సముద్రము దాటిన వలస వేఱు. దానిలో సంవత్సరములు పోవును. తిరిగి వచ్చుట సెలవుమీద, వీసామీద ఆధారపడియుండును.

కువైటు దేశమునుండి చమురు ఎగుమతి 1946లో ప్రారంభమయ్యెను. 1961లో దినారు వచ్చువఱకు అచ్చట చెలామణియైనది మన రూపాయయే. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగిన తరువాత అచ్చట భవనములు, రహదారులు కట్టుటకును, ఇండ్లలో పనిచేయుటకును జనము కావలసివచ్చెను. రాజంపేట, కోడూరు, రాయచోటి, పుల్లంపేట, చిట్వేలి ప్రాంతములనుండి వేలకొలది జనులు పోయిరి. మొదట పోయినవాడు తమ్ముని, తమ్ముడు బావమఱదిని, ఆతడు తన వీధివారిని పిలిపించుకొనుటచే, కొన్ని పల్లెలలో కువైటునందు ఒకరైనను లేని కుటుంబము అరుదయ్యెను. చిత్రమేమనగా, వారు చేరిన కువైటు నగరమును పూర్వము మట్టి మిద్దెల ఊరే. తూర్పు ఆఫ్రికా తీరమునుండి ఓడలలో తెచ్చిన మడకఱ్ఱలు దంతెలుగా వేసి, చాపలు పఱచి, మట్టి కప్పిన యిండ్లవి. 1950 తరువాత చమురు ధనముతో ఆ పాత ఇండ్లను చాలవఱకు పడగొట్టిరి. ఊరిచుట్టు 1920లో కట్టిన మట్టిగోడను 1957లో తీసివేసిరి. కడప మిద్దెలనుండి పోయినవారు తమ మిద్దెలవంటివి కూల్చిన స్థలముననే కాంక్రీటు పోసిరి.

పోయినవారిలో స్త్రీలును అనేకులు. ఇంటిపనికి ఖాదిం వీసామీద పోయిన తల్లులు పరుల యిండ్లలో గదులు తుడిచి, పరుల బిడ్డలకు స్నానములు చేయించి పంపిన ధనముతో ఇచ్చట తమ బిడ్డలు చదువుకొనిరి, పెండ్లిండ్లు జరిగెను, అప్పులు తీఱెను. వారి సొంత యింటి మిద్దెను ఏటేట తుడువవలసిన చేతులు ఆ చేతులే. ఈ సంగతిని పెద్దగా ఎవ్వరును లెక్కలోనికి తీసికొనలేదు. వచ్చిన డబ్బును లెక్కపెట్టిరి గాని, చేయక విడిచిన పనిని లెక్కపెట్టలేదు. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినప్పుడు, జోర్డానులోని అమ్మాను నగరమునుండి ఎయిరిండియా విమానములు లక్షా డెబ్బదివేల మందికి పైగా భారతీయులను స్వదేశమునకు చేర్చెను. అప్పుడు చేతి సంచితో ఊరు చేరిన కడప జిల్లావారికి తలదాచుకొనుటకు మిగిలినది ఆ పాత మిద్దెయే. యుద్ధము ముగిసిన తరువాత పలువురు మఱల పోయిరి. 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడును ఇట్లే జరిగెను. పాత యిల్లు అవసరమనిపించునది ఆపద వచ్చిన దినముననే గాని, ధనము పంపిన దినమున కాదు.

కువైటు ధనము పల్లెకు వచ్చినప్పుడు సాధారణముగా రెండు విధముల ఖర్చయ్యెను. మొదటి విధము, పాత మిద్దెను ప్రక్కనుంచి ఊరి బయట రోడ్డు ప్రక్కన సిమెంటు యిల్లు కట్టుట. ఇందులో తప్పు లేదు. ఎవరికి తోచిన సౌకర్యము వారు చూచుకొందురు. కాని ఆ క్రొత్త ఇంటికిని తరువాత తాళమే పడినది. రెండవ విధము, పాత మిద్దెకు మరమ్మతు చేయించుట. అది తెలియక చేయించుటవలననే యెక్కువ మిద్దెలు పాడైనవని చెప్పవచ్చును. యజమాని దూరముగా నుండును. ‘ఏటేట మట్టి వేసే బాధ ఎందుకు, ఒకేసారి సిమెంటు వేసేస్తే పోతుంది’ అని ఇచ్చటివారు సలహా చెప్పుదురు. చవుడుమీద రెండంగుళముల సిమెంటు పోయుదురు. మట్టి తడికి ఉబ్బును, ఎండకు కుంచించుకొనును. సిమెంటు అట్లు సాగదు. మొదటి వేసవికే వెంట్రుకవాసి నెఱ్ఱెలు పాఱును. నెఱ్ఱెలో దిగిన నీరు మఱల పైకి ఆఱుటకు దారిలేక మట్టిలోనే నిలిచి, దంతెలను కుళ్లించును. బరువా, మునుపటికంటె హెచ్చును. గోడలకు సిమెంటు పూత పూయుటవలనను ఇదే ఫలితము. మట్టి అడుసుతో కట్టిన గోడ నేలనుండి పీల్చిన చెమ్మను బయటికి విడుచుచుండవలెను. ఆ దారిని మూసినచో పూత పెంకులుగా ఊడి, దానితోకూడ లోపలి మట్టియు రాలును. ధనము ఖర్చుపెట్టని యింటికంటె ధనము ఖర్చుపెట్టిన యిల్లు ముందుగా కూలిన సందర్భములు ఇట్లు కలిగినవే.

సరియైన పద్ధతి తెలిసిన మేస్త్రీలు ఇంకను అక్కడక్కడ నున్నారు. వారు పని మొదలుపెట్టునప్పుడు గోడ జోలికి పోరు. ముందు కప్పుమీది పాత మట్టిని దింపి బరువు తగ్గింతురు. ఎన్నో యేండ్లుగా ఏటేట వేసిన మట్టి పేరుకొని మూరెడు మందమైన మిద్దెలును కలవు. కప్పు క్రుంగుటకు తఱచుగా ఆ బరువే కారణము. తరువాత ప్రతి దూలపు కొనను గోడలోనుండి బయటపెట్టి, గునపముతో పొడిచి చూతురు. కొన మాత్రమే చెడినచో ప్రక్కనొక రాతి స్తంభము నిలిపి ఆనింతురు, దూలమును మార్చరు. చెడిన పలకలు తీసి క్రొత్తవి వేసి, మట్టిని వాలు చూచి త్రొక్కి, చవుడు చల్లుదురు. కొందఱు చవుడునకు బదులు ఇటుకముక్కలు, గానుగసున్నము కలిపి పోసి, పలకకఱ్ఱలతో దినములకొలది కొట్టించి గట్టిపఱచుదురు. దీనికి ఖర్చు ఎక్కువయే గాని, సున్నము గాలిని, చెమ్మను పూర్తిగా బంధింపదు గనుక మట్టితో పొసగును. ఏటేట చవుడు చల్లు పనియు తప్పును. దూరమున నున్న యజమానికి ఇదే మేలు. గోడపూతకు సున్నమే వాడవలెను. ఎఱ్ఱచందనపు స్తంభములున్నచో వాని విషయమున జాగ్రత్త వలయును. 1995 నుండి ఆ వృక్షము అంతర్జాతీయ వాణిజ్య నియమములకు లోబడినది. అటవీశాఖ అనుమతి లేక ఆ కఱ్ఱను ఇల్లు కదలించి తీసికొనిపోవుట నేరమగును. తాత నిలిపిన స్తంభమైనను బండిమీద ఎక్కించినచో దారిలో లెక్క చెప్పవలసినదే.

ఇంతవఱకు చెప్పినది మేస్త్రీ చేతిలోని పని. మేస్త్రీ చేతిలో లేని చిక్కొకటి కలదు. అది పాళ్లు. అన్నదమ్ములు పంచుకొన్నప్పుడు పడసాల నడుమ గోడ పెట్టి, ఒకరికి తూర్పు భాగము, మఱియొకరికి పడమటి భాగమని వ్రాసికొందురు. గోడ క్రిందనే యుండును. మిద్దె మాత్రము ఒకటే. దూలము ఇద్దఱి గదులమీదుగా పోవును. నీరు అన్న భాగమునుండి తమ్ముని భాగమునందలి దోనెకు పాఱును. అన్న కువైటులోను, తమ్ముడు ఊరిలోను ఉన్నప్పుడు, తమ్ముడు తన వఱకు చవుడు చల్లుకొనినను అన్న భాగమున దిగిన నీరు దూలము వెంట వచ్చి తమ్ముని పొయ్యిలో పడును. అన్న భాగమును బాగుచేయించుటకు తమ్ముడు డబ్బు పెట్టినచో, రేపు ఆ భాగము తనదనునేమో యని అన్నకు సందేహము. పెట్టకున్నచో ఇల్లు చూచుకొనలేదని నిష్ఠూరము. తండ్రి ఆస్తిలో కుమార్తెలకును సమానముగ జన్మహక్కు కలదని మన రాష్ట్రమున 1986లో చేసిన శాసనమును, దేశమంతటికి 2005లో చేసిన శాసనమును వచ్చిన తరువాత, న్యాయముగా అక్కచెల్లెండ్రకును ఆ మిద్దెలో భాగము కలదు. ఆరుగురు వారసులు నాలుగు దేశములలో నుండగా, ఒక్క దోనె మరమ్మతునకు ఆరుగురి మాట కావలసివచ్చును. కొన్ని కుటుంబములవారు దీనికొక సుళువైన దారి త్రొక్కిరి. భాగముల సంగతి అట్లుండనిచ్చి, మిద్దెను మాత్రము ఉమ్మడియని కాగితముమీద వ్రాసికొని, మిద్దె ఖర్చునకు ఏటేట ఒక మొత్తము అందఱును సమముగ పంపుట. ఎవరు పంపిరో, దేనికి ఖర్చయ్యెనో ఒక నోటుపుస్తకములో వ్రాసి ఇంటనే యుంచుట. పూర్వము పాలివారు దేవర ఖర్చునకు చందా వేసికొన్న పద్ధతియే ఇది.

కాగితముల మాట వచ్చినది గనుక ఇంకొక సంగతియు చెప్పవలెను. పాత మిద్దెలు సాధారణముగా గ్రామకంఠములో నుండును. పూర్వపు సర్వేలలో గ్రామకంఠమునంతను ఒక్క నంబరుక్రింద చూపిరే గాని, ఇంటింటికి పట్టా లేదు. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, పూర్వుల పంపకపు కాగితము, ఇరుగుపొరుగువారి సాక్ష్యము — ఇవియే ఆధారములు. ఇంటిలో ఎవ్వరును లేక పన్ను కట్టుట మానివేసిన యజమాని, ఇంటితోపాటు ఆధారమును కూడ పోగొట్టుకొనుచున్నాడని తెలిసికొనడు. 2020 ఏప్రిలు 24న కేంద్ర ప్రభుత్వము స్వామిత్వ పథకమును ప్రారంభించి, డ్రోనులతో గ్రామకంఠములలోని ఇండ్ల హద్దులను కొలిపించుట మొదలుపెట్టెను. అదే సంవత్సరము డిసెంబరులో మన రాష్ట్రమున భూముల రీసర్వే ఆరంభమయ్యెను. కొలుచు దినమున ఇంటికడ నిలిచి ‘మా గోడ ఇంతవఱకు’ అని చూపువారు కావలెను. విదేశములోనున్నవారు ముక్త్యారునామా వ్రాసి పంపవచ్చును. దానిని అచ్చటి భారత రాయబార కార్యాలయమున ధ్రువపఱపించి, అది ఈ దేశమునకు చేరిన మూడు నెలలలోపల ముద్రసుంకము చెల్లింపవలెను. విదేశమున స్థిరపడినవారికి పిత్రార్జితమైన ఇంటిని, పొలమును కూడ ఉంచుకొనుటకు 2000 జూన్ 1 నుండి అమలులోనున్న విదేశ మారక చట్టము అడ్డుచెప్పదు; క్రొత్తగా పొలము కొనుటకే అడ్డు. మిద్దె కూలుటకు చట్టము కారణమని చెప్పువారి మాటలో పస లేదు.

కడకు అన్నియు ఒక్క మనిషిమీద నిలుచుచున్నవి: ఇల్లు చూచువాడు. యజమాని దూరమున నుండగా ఇల్లు నడచిన ఉదాహరణము కడప పట్టణముననే ఒకటి కలదు. అది కువైటు వలసకు నూటయేబది యేండ్ల ముందటిది, యజమాని పరదేశి. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర 1820లో ఉద్యోగముమీద కడపకు వచ్చి, అచ్చట ఒక బంగళా, తోట కొనెను. అందు పండితులను నియమించి తెలుగు కావ్యముల వ్రాతప్రతులు సేకరింపించి, సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన బదిలీలమీద మచిలీపట్టణమునకు, రాజమహేంద్రవరమునకు, మద్రాసునకు పోవుచుండినను, సెలవుమీద ఇంగ్లండునకు పోయినను, కడప బంగళాలో పని సాగెను. అయోధ్యాపురము కృష్ణారెడ్డి యను పండితుడు అచ్చట నుండి పనిని కనిపెట్టుచుండెను. ఇంటికి మనిషి, మనిషికి పని, పనికి జీతము — ఈ మూడును కుదిరినంతకాలము దూరము అడ్డురాలేదు. 1855లో బ్రౌను ఈ దేశమును విడిచిపోయెను. 1884లో లండనులో మరణించెను. తరువాత ఆ బంగళాను నడపువారు లేక, కాలక్రమమున మొండిగోడలు మిగిలెను. ఇరువదవ శతాబ్దపు చివరి భాగమున జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనుకొని ఊరూర చందాలు పోగుచేసి ఆ స్థలముననే బ్రౌను పేర గ్రంథాలయమును నిలుపునట్లు చేసెను. తరువాత అది యోగివేమన విశ్వవిద్యాలయము ఆధ్వర్యమున భాషా పరిశోధన కేంద్రమైనది. బంగళా పోయినది, పుస్తకములు మాత్రము ఆ చోటికే తిరిగి వచ్చినవి.

పల్లెలలో ఇల్లు చూచువానిని కుదుర్చుకొను తీఱులు పలువిధములు. తాళపుచెవి దగ్గఱి చుట్టమునకిచ్చి, పండుగకు బట్టలు పెట్టుట ఒకటి. ఇది మొగమాటమీద నడచును గనుక, రెండు మూడేండ్లకు సడలును. చుట్టమును అడుగుటకు యజమానికి మొగమాటము. చేయలేదని చెప్పుటకు చుట్టమునకు మొగమాటము. ఇంతకంటె మేలైనది, ఇల్లు లేని ఒక కుటుంబమును బాడుగ లేక కాపురముంచి, మిద్దె పని, పన్ను రసీదు, తొలివానకు పైకెక్కి చూచుట అను మూటిని వారికి అప్పగించుట. పొయ్యి వెలిగిన యిల్లు సగము మరమ్మతు తానే చేసికొనును. కాపురమున్నవారు రేపు ఇల్లు తమదందురేమో యను భయము కొందఱికి కలదు. అది పూర్తిగా వట్టి భయము కాదు. పెద్దల యెదుట ఒడంబడిక వ్రాసికొని, పన్ను రసీదు ఎప్పటికిని యజమాని పేరనే యుండునట్లు చూచుకొన్నచో ఆ భయము చాలవఱకు తీఱును. ఇల్లు ఖాళీగా నుంచి కాపాడుకొనవలెనను వారికంటె, కొంత భయపడియైనను మనుష్యులను ఉంచినవారి మిద్దెలే నేడు ఎక్కువగా నిలిచియున్నవి.

కాలము కూడ మునుపటివలె లేదు. పదునైదు దినములలో పడవలసిన వాన ఒక్క దినమున పడు సందర్భములు తఱచైనవి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు పట్టణమును ముంచినప్పుడును, 2021 నవంబరు 19న చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు పులపుత్తూరు, మందపల్లి గ్రామములు కొట్టుకొనిపోయినప్పుడును, మట్టి మిద్దె యని, సిమెంటు మిద్దె యని ఏఱు భేదము చూపలేదు. అది వేఱు విపత్తు. కాని ఆ నవంబరు నెల ముసురులో, ఏటికి దూరమున మిట్టమీదనున్న ఊళ్లలోను పాత మిద్దెలు దిగబడినవి. గడ్డి పెఱుకక, దోనె తీయక విడిచినవే వానిలో ముందు పడినవి. ఒక్క మాట మాత్రము మట్టి మిద్దె పక్షమున చెప్పవలెను. పడిన సిమెంటు కప్పు చెత్త యగును. మట్టి మిద్దె పడినచో రాయి రాయిగను, పలక పలకగను, దూలము దూలముగను మిగులును. 1981లో శ్రీశైలము జలాశయముక్రింద కర్నూలు జిల్లా పల్లెలను ఖాళీచేయించినప్పుడు, జనులు తమ యిండ్ల తలుపులు, దూలములు, బండలు బండ్లమీద వేసికొని పోయి క్రొత్త ఊళ్లలో మఱల నిలుపుకొనిరి.

నేడు కువైటునుండి మాటాడుటకు ఉత్తరము వ్రాయ నక్కఱలేదు, పోయినవారిచేత టేపు కాసెట్టు పంపించుకొన నక్కఱలేదు. వాన మొదలైనదని తెలిసినంతనే ఫోనులో మొగము చూచుకొనుచు మాటాడవచ్చును. ఇల్లు చూచువాడు నిచ్చెన ఎక్కి ఫోనును మిద్దెమీదికి త్రిప్పి చూపుచుండును. అచ్చట ఎడారిలో పని ముగించుకొని మంచముమీద కూర్చున్న యజమానురాలు మనుష్యుల క్షేమము అడిగిన తరువాత అడుగు మొదటి ప్రశ్న, ‘దోనెలో నీళ్లు పడుతుండాయా, లేదా?’ అనియే. చవుడు తెచ్చుకొను గుంటలు మాత్రము ఊళ్ల ప్రక్కన ఇండ్లస్థలములుగా మారుచున్నవి. వచ్చు వైశాఖమునకు రెండు బండ్ల చవుడు ఎచ్చటనుండి తెప్పింపవలెనను చర్చ ఆ ఫోనులోనే సాగుచున్నది.